పాలు పడని శాకాహారి పరుగుకీ, బరువులకీ ఏ బార్ కొనుక్కోవాలి?

మీరు శాకాహారి, పాలు పడవు, వారానికి నాలుగు రోజులు పరుగు, రెండు రోజులు బరువులు. అన్నింటికీ పనికొచ్చే ఎనర్జీ బార్ లేదా ప్రొటీన్ బార్ ఒకటి చెప్పమన్నారు. నాదీ దాదాపు ఇదే పరిస్థితి. నేనూ చాలాకాలం ఆ ఒక్క బార్ కోసమే వెతికాను. ఇప్పుడు మాత్రం రెండు రకాలు కొంటున్నాను. ఎందుకో చెబుతాను.

ఒక ఆదివారం 18 కిలోమీటర్ల పరుగు పెట్టుకున్నాను. పన్నెండో కిలోమీటరు దగ్గర నీరసం వచ్చి జేబులోంచి ప్రొటీన్ బార్ తీశాను. రేపర్ ముందువైపు పెద్ద అక్షరాలతో '20 గ్రాముల ప్రొటీన్, చక్కెర సున్నా' అని ఉంది. నమిలితే బంకలా సాగింది, రెండు గుక్కల నీళ్లు తాగితే గానీ గొంతు దిగలేదు. పావుగంటలో కడుపు ఉబ్బి, మెలిపెట్టడం మొదలైంది. మిగతా దూరమంతా నడిచాను. ఇంటికొచ్చి నలిగిన రేపర్‌ని టేబుల్ మీద సాపు చేసి, మొదటిసారి వెనకవైపు చదివాను. పదార్థాల్లో రెండోది మాల్టిటాల్, మూడోది చికోరీ వేరు పీచు.

మాల్టిటాల్ ఒక షుగర్ ఆల్కహాల్, అంటే చక్కెర బదులు వాడే తీపి పదార్థం. అది చిన్నపేగులో పూర్తిగా అరగదు. మిగిలింది పేగుల్లోకి నీటిని లాగుతుంది, పెద్దపేగులోని బ్యాక్టీరియా దాన్ని పులియబెడితే గ్యాస్ తయారవుతుంది. చికోరీ పీచు, అంటే ఇన్యులిన్, కూడా అలాగే పులుస్తుంది. తీరిగ్గా కూర్చుని తింటే చాలామందికి ఏమీ కాకపోవచ్చు. కానీ పరిగెత్తేటప్పుడు రక్తం కండరాలవైపు ఎక్కువగా వెళ్తుంది, పొట్టకు అందేది తగ్గిపోతుంది. అప్పుడు ఇలాంటివి వేస్తే ఇక చెప్పక్కర్లేదు. పైగా ఆ సమయంలో నాకు కావాల్సింది ప్రొటీన్ కాదు, త్వరగా అందే కార్బోహైడ్రేట్. చక్కెర లేదని మెచ్చుకుని కొన్నదే ఆ పూటకు పనికిరాకుండా పోయింది.

అందుకే ముందు తేల్చుకోవాల్సింది ఆ బార్ ఎప్పుడు తింటారన్నది. గంటలోపు పరుగుకి మామూలుగా తిని ఉంటే మధ్యలో ఏమీ అక్కర్లేదు. అంతకు మించి సాగితే గంటకు 30 నుంచి 60 గ్రాముల కార్బోహైడ్రేట్ అని లెక్క వేస్తారు. దానికి ఓట్స్, ఖర్జూరం, బియ్యపు సిరప్ లాంటివాటితో చేసిన మెత్తని బార్ చూడండి. అందులో కొవ్వు, పీచు, ప్రొటీన్ ఎంత తక్కువ ఉంటే పొట్టకు అంత సుఖం. నట్స్ దట్టించిన బార్ ఎంత మంచిదైనా పరుగు మధ్యలో బరువుగా కూర్చుంటుంది. బరువులు ఎత్తాక భోజనానికి ఆలస్యమవుతుందనుకుంటే అప్పుడు 20 గ్రాముల ప్రొటీన్ బార్ తినండి.

ఇక పాల సంగతి. మీకు పడనిది లాక్టోజా (పాలలోని చక్కెర), లేక పాల ప్రొటీన్ అలర్జీయా అన్నది కచ్చితంగా తెలుసుకోండి. లాక్టోజ్ మాత్రమే అయితే వే ఐసొలేట్ (పాల విరుగుడు నీటి నుంచి తీసి బాగా శుద్ధి చేసిన ప్రొటీన్) వాడిన బార్ చాలామందికి సరిపోతుంది, అందులో లాక్టోజ్ బాగా తక్కువ. వే కాన్సన్‌ట్రేట్‌లో అంతకంటే ఎక్కువ ఉంటుంది. నాకు ఐసొలేట్ పడింది, కాన్సన్‌ట్రేట్ పడలేదు. అలర్జీ అయితే రెండూ ముట్టుకోవద్దు. సోయా, లేదా బఠానీ, బియ్యం ప్రొటీన్లు కలిపినవి వెతకండి. 'పాల ఆనవాళ్లు ఉండవచ్చు' అన్న చిన్న వాక్యాన్ని కూడా వదలొద్దు.

శాకాహారులు ఇంకో రెండు పేర్లు గుర్తుపెట్టుకోవాలి: జెలటిన్, కొలాజెన్. రెండూ జంతువుల నుంచి వచ్చేవే. కొలాజెన్‌లో ట్రిప్టోఫాన్ అనే అత్యావశ్యక అమినో ఆమ్లం (శరీరం సొంతంగా తయారుచేసుకోలేని ప్రొటీన్ ముక్క) అసలు ఉండదు. రేపర్ ముందువైపు వేసే ప్రొటీన్ అంకెలో మాత్రం కొలాజెన్‌నీ కలిపేస్తారు. ఇది నాకు నిజంగా బాధ కలిగించే విషయం, ఎందుకంటే చాలామంది ఆ అంకె చూసే కొంటారు.

పదార్థాల జాబితా బరువును బట్టి ఎక్కువ నుంచి తక్కువకు రాస్తారు కాబట్టి మొదటి మూడు పేర్లు చదివితే ఆ బార్ దేనికోసమో తెలిసిపోతుంది. పోషకాల లెక్క మొత్తం బార్‌కా, సగానికా, 100 గ్రాములకా అని కూడా చూడండి.

కొత్త బార్‌ని పోటీ రోజున మొదటిసారి తినకండి. ముందు ఒక పూట ఇంట్లో సగం తిని చూడండి, తర్వాత చిన్న పరుగులో. మీ పొడవాటి పరుగు ఎంతసేపు సాగుతుందో కింద రాస్తే, ఎన్ని బార్లు, ఏ సమయాల్లో తినాలో లెక్కేసి చెబుతాను.