ఊపిరితిత్తుల జబ్బుకి మోషన్ టెస్టా? మా పాపకి చేయించాం కాబట్టి చెప్తున్నాను

మీ నాలుగేళ్ల బాబుకి నెల దాటి దగ్గు తగ్గలేదని, టీబీ అనుమానంతో డాక్టరు మోషన్ శాంపిల్ తెమ్మన్నారని రాశారు. దగ్గుకీ మోషన్‌కీ సంబంధం ఏంటి, చీటీలో పొరపాటున రాశారా అని అడిగారు. పొరపాటు కాదండి. మా పాపకి టీబీ తేలింది ఆ పరీక్షలోనే.

మాది నరసన్నపేట దగ్గర పల్లె. అప్పటికి పాపకి మూడేళ్లు నిండాయి. సాయంత్రం అయ్యేసరికి ఒళ్లు వెచ్చబడేది, రాత్రంతా దగ్గు. దగ్గర్లో ఒక క్లినిక్‌కి మూడుసార్లు వెళ్లాం. మూడుసార్లూ సిరప్ మార్చారు, నెబ్యులైజర్ పెట్టారు. ఇంట్లో ఇంకెవరైనా దగ్గుతున్నారా అని మాత్రం ఒక్కసారీ అడగలేదు. ఆ ఒక్క మాట అడిగుంటే రెండు నెలలు కలిసొచ్చేవి. ఆ బాధ నాకు ఇంకా పోలేదు. చివరికి అనుమానం వచ్చింది అంగన్‌వాడీ టీచరమ్మకి. పాపని కాటాలో కూర్చోబెట్టి, కార్డు నా చేతికిచ్చి, "మూడు నెలల నుంచి గీత పైకి లేవలేదమ్మా, పెద్దాసుపత్రికి తీసుకెళ్లు" అంది.

అక్కడ పిల్లల డాక్టరు అడిగిన మొదటి ప్రశ్నే అది: ఇంట్లో దగ్గేవాళ్లు ఎవరు? మా మామగారు. ఆయన చుట్ట తాగుతారు. మా వైపు చుట్ట తాగే పెద్దవాళ్లు దగ్గితే ఎవరూ పట్టించుకోరు, చుట్ట దగ్గేలే అంటారు. పాప రోజూ పడుకునేది తాత పక్కనే. ఆయన కఫం పరీక్ష చేస్తే పాజిటివ్ వచ్చింది. అప్పుడు మా అత్తగారు, ఆయన తన కంచంలో అన్నం కలిపి పాపకి ముద్దలు పెట్టడం వల్లే వచ్చిందని ఏడ్చింది. టీబీ కంచం వల్ల రాదు, దగ్గినప్పుడు గాల్లోకి వచ్చే క్రిముల వల్ల వస్తుందని నర్సమ్మ ఆవిడని కూర్చోబెట్టి చెప్పింది. మీ ఇంట్లోనూ ఎవరో ఒకరి మీద నింద పడితే ఈ మాట గుర్తుంచుకోండి.

ఇక మీ ప్రశ్నకి వస్తాను. పెద్దవాళ్లయితే కాండ్రించి డబ్బాలో ఉమ్మేస్తారు. చిన్నపిల్లలకి అది రాదు. ఛాతీలోంచి పైకొచ్చిన కఫాన్ని మింగేస్తారు. దాంతోపాటే క్రిములూ పొట్టలోకి, అక్కణ్నుంచి పేగుల్లోకి, చివరికి మోషన్‌లోకి వస్తాయి. ఈ పరీక్ష చేసే సీబీనాట్ యంత్రం బతికున్న క్రిమి కోసం వెతకదు, దాని డీఎన్‌ఏ కోసం వెతుకుతుంది. అందుకే పొట్టలో పడి క్రిమి చచ్చిపోయినా ఆనవాలు దొరుకుతుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో ఈ పరీక్షకి ఒప్పుకుంది. 2022 మార్గదర్శకాల్లో పదేళ్లలోపు పిల్లలకి మొదటి పరీక్షకే మోషన్ శాంపిల్ వాడొచ్చని రాసింది.

అంతకు ముందు నుంచీ ఉన్న పద్ధతి పొట్టలోంచి నీళ్లు తీయడం. మా పాపకి మొదట అదే చేశారు. రాత్రంతా ఏమీ పెట్టకూడదు. తెల్లవారుజామున, మంచం దిగకముందే, ముక్కులోంచి సన్నటి గొట్టం పొట్టలోకి దింపుతారు. కాళ్లు నర్సమ్మ పట్టుకుంది, చేతులు నేను పట్టుకున్నాను. పాప "అమ్మా వద్దు" అంటూనే ఉంది, నేను చేతులు వదల్లేదు. అంతా చేస్తే సిరంజిలోకి వచ్చింది నాలుగు చుక్కలు. మర్నాడు మళ్లీ చేయాలన్నారు. ఆ రోజంతా తెల్ల కోటు కనిపిస్తే చాలు, పాప గోడ వైపు తిరిగిపోయేది. అది చూసి డాక్టరే, ముందు మోషన్ పంపి చూద్దాం అన్నారు.

తీసే విధానం చెప్తాను, ఇది చీటీలో రాయరు. బాబు కూర్చునే చోట శుభ్రమైన పాలిథిన్ కవరో పాత పేపరో పరవండి. ముందు మూత్రానికి కూర్చోబెట్టి, ఆ తర్వాత మోషన్‌కి కూర్చోబెట్టండి, రెండూ కలవకూడదు. ఆసుపత్రిలో ఇచ్చిన డబ్బా మూతకి చిన్న స్పూను ఉంటుంది, దాంతో ఒక స్పూను తీస్తే చాలు. డబ్బా నింపేయకండి. ల్యాబులో వాళ్లు వాడేది ఒక గ్రాము కంటే తక్కువే, చిక్కుడు గింజంత. దాన్ని మందు నీళ్ల సీసాలో వేసి, బాగా కుదిపి, పది నిమిషాలు ఉంచి, మళ్లీ కుదిపి, మరో పది నిమిషాలు కదపకుండా ఉంచుతారు. పైకి తేలిన తేట నీళ్లని మాత్రమే కాట్రిడ్జ్‌లో, అంటే యంత్రంలో పెట్టే చిన్న డబ్బాలో, పోస్తారు. నెదర్లాండ్స్‌కి చెందిన టీబీ సంస్థ కేఎన్‌సీవీ, ఇథియోపియాలో అక్కడివాళ్లతో కలిసి అభివృద్ధి చేసిన సులువైన పద్ధతి ఇది. శాంపిల్ ఎండ తగలకుండా అదే రోజు ఇచ్చేయండి. ఇచ్చేముందు డబ్బా మీద బాబు పేరు, తేదీ ఉన్నాయో లేదో చూసుకోండి. టీబీ మందులు మొదలుపెట్టక ముందే ఇవ్వాలి. అన్ని ల్యాబుల్లోనూ ఈ పరీక్ష చేయడం లేదు. మీ దగ్గర మోషన్ తీసుకోం అంటే గొడవ పడకుండా, ఎక్కడికి పంపాలో డాక్టరుతోనే రాయించుకోండి.

కాట్రిడ్జ్ యంత్రంలో పెట్టాక రెండు గంటల్లోపే ఫలితం వస్తుంది. ఒక్కోసారి "ఎర్రర్" అనో "ఇన్‌వాలిడ్" అనో వస్తుంది. శాంపిల్ మరీ ఎక్కువ వేసినా అలా రావచ్చు. దాన్ని నెగెటివ్ అనుకోకండి, మళ్లీ చేయించాలి. మా పాప కాగితం మీద టీబీ క్రిమి ఉందని, టీబీకి వాడే ముఖ్యమైన మందు రిఫాంపిసిన్ పని చేస్తుందని వచ్చింది. పాజిటివ్ కాగితం చూసి కాస్త ఊపిరి పీల్చుకున్నానంటే నమ్ముతారా? రెండు నెలల తర్వాత మొదటిసారి జబ్బుకి ఒక పేరు దొరికింది.

ఒక విషయంలో మాత్రం చాలా జాగ్రత్తగా ఉండండి. పాజిటివ్ వస్తే దాదాపు నమ్మొచ్చు. నెగెటివ్ వస్తే టీబీ లేదని కాదు. కఫంలోనో పొట్ట నీళ్లలోనో టీబీ రుజువైన పిల్లల్ని వందమందిని తీసుకుంటే, మోషన్ పరీక్ష యాభై అరవై మందినే పట్టుకుంటుంది. పిల్లల ఒంట్లో క్రిములు తక్కువ, అందుకని ఏ పరీక్షా పూర్తిగా పట్టలేదు. మా పక్క బెడ్‌లో ఐదేళ్ల బాబుకి రెండుసార్లూ నెగెటివే వచ్చింది. ఎక్స్‌రేలో గ్రంథులు వాచి ఉన్నాయి, టీబీ క్రిమి ఒంట్లో చేరిందో లేదో చూడటానికి చేతి మీద వేసిన మాంటూ సూది చోటు రెండు రోజుల తర్వాత బాగా పొంగింది, వాళ్ల నాన్న టీబీ మందులు వాడుతున్నాడు. అవన్నీ కలిపి చూసి డాక్టరు మందులు మొదలుపెట్టారు. వాళ్ల అమ్మ "కాగితంలో లేదంటే ఎందుకు మందులు" అని టెన్షన్ పడింది. మీకూ అలాంటి పరిస్థితి వస్తే కాగితం చూసుకుని ఇంటికి వచ్చేయకండి.

మందులు ఆరు నెలలు. పిల్లల మాత్రలు నీళ్లలో వేస్తే కరిగిపోతాయి, మింగించే బాధ లేదు. ఎన్ని వేయాలన్నది బరువుని బట్టి. మా పాపకి రోజూ రెండు మాత్రలు, ఇంకో మందు విడిగా. బరువు 12 కిలోలు దాటాక మూడు చేశారు. ఆ రోజు టీచరమ్మకి స్వీట్లు తీసుకెళ్లాను. మొదటి వారంలో మూత్రం నారింజ రంగులో వస్తే భయపడకండి, అది రిఫాంపిసిన్ రంగు. మందులు ప్రభుత్వం ఉచితంగా ఇస్తుంది. టీబీ రోగుల తిండి ఖర్చుకి ప్రభుత్వం డబ్బిచ్చే నిక్షయ్ పోషణ్ యోజన కింద నెలకి 500 ఇచ్చేవారు, 2024 నవంబరు నుంచి 1000 చేశారు. బ్యాంకు ఖాతా వివరాలు మొదటి రోజే ఇచ్చేయండి. ఆ డబ్బుతో మేము గుడ్లు, పాలు, పల్లీలు కొన్నాం.

మా తోటికోడలి కొడుకుకి రెండేళ్లు, అదే ఇంట్లో ఉంటాడు. వాడికి పరీక్షలన్నీ చేసి, జబ్బు లేదని తేలాకే, టీబీ రాకుండా ముందుజాగ్రత్తగా ఆరు నెలలు ఐసోనయాజిడ్ అనే మందు ఇచ్చారు. మీ ఇంట్లోనూ ఐదేళ్లలోపు పిల్లలు ఇంకెవరైనా ఉంటే, బాబు శాంపిల్ ఇవ్వడానికి వెళ్లే రోజే వాళ్లనీ తీసుకెళ్లండి. చాలా రోజులుగా దగ్గుతున్న పెద్దవాళ్లు ఉంటే వాళ్లనీ తీసుకెళ్లండి, చుట్ట దగ్గే అని ఎంత గట్టిగా చెప్పినా సరే.