కీమో వార్డుకి వెళ్తున్న నీకు

తల్లీ,

సోమవారం నుంచి నీకు కీమో వార్డులో డ్యూటీ వేశారట. కీమో ఎక్కించడం, డోసులు సరిచూసుకోవడం నేర్పేవాళ్ళు అక్కడ చాలామంది ఉంటారు, నేను చెప్పేది పిక్ లైన్ల సంగతి, అదే, మందులు ఎక్కించడానికి పైచేతి నరంలోంచి గుండె దాకా పెట్టే సన్నని గొట్టాలు. ఆ పేషెంట్లకి తెల్లకణాలు పడిపోయి ఉంటాయి, పైగా లైను కొస గుండె దగ్గర ఉంటుంది, మన చేతి మీది క్రిమి ఆ దారిన పోతే ఆపేది ఏమీ ఉండదు.

అందుకే హబ్ దగ్గర, అంటే సిరంజి తగిలించే బయటి మూతి దగ్గర జాగ్రత్త. లైను తెరిచే ప్రతిసారీ, లైను మూసుకుపోకుండా ఎక్కించే ఉత్త సెలైన్ ఫ్లష్‌కైనా సరే, చేతులు కడుక్కుని (గ్లవ్స్ ఉన్నాయి కదా అనుకోకు) హబ్‌ని ఆల్కహాల్ స్వాబ్‌తో 15 సెకన్లు రుద్దు. పైన ఒక్కసారి అద్ది వదిలేయడం కాదు, సీసా మూత బిగించినట్టు అటూ ఇటూ తిప్పుతూ, అంచులూ మరలూ కలిపి గట్టిగా రుద్దాలి. తర్వాత దానంతట అదే ఆరనివ్వు, ఊదకు. నైట్ డ్యూటీలో నాలుగు బెల్లులు ఒకేసారి మోగితే ముందు ఎగిరిపోయేది ఈ 15 సెకన్లే.

డ్రెస్సింగ్ పారదర్శకమైనదైతే 7 రోజులకి, గాజు గుడ్డదైతే 2 రోజులకి మార్చాలి. కానీ మన ఎండాకాలం చెమటకి మూడో రోజే అంచు లేస్తుంది. లేచినా, తడిసినా అప్పుడే మార్చు, పైన ప్లాస్టర్ అంటించి సర్దకు.

ఒక కుర్రాడికి నేనే ఫ్లష్ చేశాను, అరగంటలో పళ్ళు టకటక కొట్టుకునేంత వణుకు. రెండు దుప్పట్లు కప్పి, పారాసిటమాల్ వేసి, తెల్లారాక డాక్టర్‌కి చెప్పొచ్చులే అనుకున్నాను. తెల్లారేసరికి బీపీ పడిపోయింది. ఐసీయూకి వెళ్ళి బతికాడు గానీ ఆ దుప్పట్లు నేను మర్చిపోలేదు. ఫ్లష్ తర్వాత వణికితే లైనునే అనుమానించు. జ్వరం 100.4 దాటితే ఏ వేళైనా డాక్టర్‌ని లేపు. లైను నుంచి ఒకటి, చేతి నరం నుంచి ఒకటి కల్చర్లు (రక్తంలో క్రిమి ఉందేమో చూసే పరీక్షకి) తీసి, గంటలోపు యాంటీబయాటిక్ పడేలా చూడు.

రౌండ్స్‌లో ‘ఈ లైను ఇంకా అవసరమా సార్’ అని అడగడానికి మొహమాటపడకు. ఇంటికి పంపేటప్పుడు స్నానానికి చేయి ఎలా చుట్టాలో భార్యకో తల్లికో చేసి చూపించు, వాళ్ళ చేత చేయించు కూడా. జ్వరమొస్తే చేయాల్సిన నంబరు పెద్ద అక్షరాలతో విడి కాగితం మీద రాసివ్వు, మందుల చీటీ వెనక రాస్తే అది మెడికల్ షాపులోనే ఉండిపోతుంది.