పర్యావరణహితమా, స్నేహపూర్వకమా?

సందేహం: జెనీవా దగ్గరున్న కణభౌతిక పరిశోధన కేంద్రం సెర్న్‌లో జరిగే ప్రయోగాల మీద రాసిన వ్యాసానికి ‘పర్యావరణ స్నేహపూర్వక కణ శోధక వాయువులు’ అని శీర్షిక పెట్టాను. చదివినవాళ్లు ఏమీ అర్థం కాలేదన్నారు. ‘పర్యావరణ అనుకూల’ అంటే బాగుంటుందా?

సమాధానం: ముందు ‘స్నేహపూర్వక’ తీసేయండి. మనసులో స్నేహం పెట్టుకుని చేసే పనికి ఆ మాట చెల్లుతుంది. పలకరింపు, ఆహ్వానం, చర్చ స్నేహపూర్వకంగా ఉంటాయి, వాయువుకు అది అతకదు. ‘అనుకూల’ తప్పు కాదు. సమాసం చేస్తే సవర్ణదీర్ఘం వచ్చి ‘పర్యావరణానుకూల’ అవుతుంది. నాకు మాత్రం ‘పర్యావరణహిత’ నచ్చుతుంది. ‘హిత’ శబ్దం చతుర్థీ తత్పురుషలో చేరుతుందని పాణిని సూత్రమే చెబుతోంది. గోవులకు హితమైనది గోహితం. మేలు ఎవరికో సమాసంలోనే తెలిసిపోతుంది.

అసలు చిక్కు ‘కణ శోధక వాయువులు’ దగ్గరుంది. అలా రాస్తే వాయువులే కణాలను వెతుకుతున్నాయని అర్థం వస్తుంది. సెర్న్‌లో వాడే రెసిస్టివ్ ప్లేట్ చాంబర్ అనే డిటెక్టర్‌నే తీసుకోండి. రెండు పలకల మధ్య 2 మిల్లీమీటర్ల సందు, అందులో వాయువు. విద్యుదావేశమున్న కణం అందులోంచి దూసుకుపోతూ వాయువు అణువుల నుంచి ఎలక్ట్రాన్లను ఊడగొడుతుంది. పలకల మధ్య ఉన్న హై వోల్టేజ్ వాటిని వేల వేలుగా పెంచితే సిగ్నల్ పుడుతుంది. అంటే వాయువులో కణం జాడ పడుతుంది, దాన్ని పట్టేది డిటెక్టర్. మీ శీర్షికలో విభక్తి జారిపోయింది. ‘కణ డిటెక్టర్లకు పర్యావరణహిత వాయువులు’ అనండి. ఒక్క ‘కు’ చేరగానే చిక్కుముడి విడిపోయింది చూడండి. విశేషణం కూడా వాయువుల పక్కకే వచ్చింది, డిటెక్టర్ హితమా వాయువు హితమా అన్న అనుమానం రాదు. ‘శోధకం’ ఉంచుకున్నా సరే కానీ, శోధన అంటే వెతకడమే కాదు, శుద్ధి చేయడం కూడా. అందుకే ‘డిటెక్టర్’ అన్నాను.

ఒక జాగ్రత్త చెప్పాలి. ఇక్కడ ‘హితం’ పోల్చి చెప్పే మాట. ఆ చాంబర్లలో ఏళ్లుగా ఎక్కువ భాగం వాడుతున్నది ఆర్-134ఎ అనే ఫ్లోరిన్ వాయువు. వందేళ్ల లెక్కన అది కార్బన్ డయాక్సైడ్ కంటే దాదాపు 1,400 రెట్లు భూమిని వేడెక్కిస్తుంది. కొద్దిగా కలిపే సల్ఫర్ హెక్సాఫ్లోరైడ్ అయితే 22,000 రెట్లకు పైనే. ఆర్-134ఎ బదులు పరీక్షిస్తున్న హెచ్‌ఎఫ్‌ఓ (హైడ్రోఫ్లోరోఓలెఫిన్) వాయువుకు ఆ అంకె పది లోపే. కానీ దానికి వోల్టేజ్ బాగా పెంచాలి. అది తగ్గించడానికి కార్బన్ డయాక్సైడ్ కలుపుతారు. పర్యావరణహిత మిశ్రమంలో కార్బన్ డయాక్సైడా అని పాఠకుడు ఉలిక్కిపడతాడు. అందుకే శీర్షికలో ‘హిత’ ఉంచినా, మొదటి పేరాలోనే ‘భూతాపాన్ని చాలా తక్కువగా పెంచే’ అని విప్పి రాయండి. ఆ రెట్ల అంకెను ‘భూతాప సామర్థ్యం’ అనకండి, సామర్థ్యం మెచ్చుకునే మాట. ‘భూతాపన సూచిక’ అంటే చాలు.