కూలీల మానసిక ఆరోగ్యం కోసం పని చేయాలంటే ఏం చదవాలి?

ప్రశ్న: మాది నారాయణపేట దగ్గర ఒక తండా. అమ్మానాన్నలు పుణెలో సెంట్రింగ్ పనికి పోతారు. నేను మహబూబ్‌నగర్‌లో బి.ఏ. చివరి సంవత్సరం చదువుతున్నాను. భవన నిర్మాణ కూలీల మానసిక ఆరోగ్యం కోసం పని చేయాలని ఉంది. "మేము మట్టి మోసి చదివిస్తే మళ్లా సైటుకే పోతవా?" అని నాన్న అంటున్నాడు. ఎం.ఎస్సీ. సైకాలజీ చేయమంటారా?

జవాబు: మీరు చెప్పిన పనికి సైకాలజీ కన్నా ఎం.ఎస్.డబ్ల్యూ. (సామాజిక సేవలో పీజీ) ఎక్కువ పనికివస్తుందని నా అభిప్రాయం. వలస కూలీకి నిద్ర ఎందుకు పట్టడం లేదో వెతుకుతూ పోతే చాలాసార్లు గుంపు మేస్త్రీ (కూలీలను కూడగట్టి పనికి తీసుకుపోయేవాడు) లెక్కల పుస్తకం దగ్గరికే చేరతాం: ముందుగా తీసుకున్న అడ్వాన్స్ ఎంత, హాజర్లు ఎన్ని పడ్డాయి, ఊర్లో పిల్లల్ని చూసుకుంటున్న ముసలివాళ్లకు పంపవలసినది ఎంత. 2021లో దేశంలో ఆత్మహత్య చేసుకున్నవారిలో 25.6 శాతం మంది దినసరి కూలీలేనని జాతీయ నేర గణాంకాల సంస్థ లెక్క చెబుతోంది. మనసును, అప్పును, కూలి చట్టాన్ని కలిపి చూడటం సామాజిక సేవ చదువులోనే నేర్పుతారు. ఏ డిగ్రీ చదివినవారైనా పీజీ ప్రవేశ పరీక్ష సీపీగెట్ రాసి ఇందులో చేరవచ్చు.

మీకు తెలిసే ఉండే విషయం ఒకటి కాస్త వివరంగా చెబుతాను. మన ప్రాంతంలో కొన్నిచోట్ల కల్లులో అల్ప్రాజోలం, డైజిపాం, క్లోరల్ హైడ్రేట్ వంటి మత్తుమందులు కలుపుతున్నారని ఎక్సైజ్ కేసుల్లో పదేపదే బయటపడింది. ఊర్లో రోజూ అదే తాగిన మనిషి పుణెకో ముంబైకో చేరగానే అది ఒక్కసారిగా ఆగిపోతుంది. కొద్ది రోజుల్లోనే చేతులు వణకడం, బొత్తిగా నిద్ర లేకపోవడం, ఎవరో పిలిచినట్టు తనలో తాను మాట్లాడుకోవడం, ఒక్కోసారి ఫిట్స్ రావడం జరుగుతాయి. తోటివాళ్లు గాలి సోకిందనుకొని తాయెత్తు కట్టించి, మర్నాడే పరంజా ఎక్కిస్తే ప్రాణం పోయే ప్రమాదం ఉంది. 2020 లాక్‌డౌన్‌లో కల్లు, మద్యం దొరకనప్పుడు ఎర్రగడ్డ మానసిక వైద్యశాలకు ఇటువంటి లక్షణాలతోనే ఎంతోమంది వచ్చారు. ఇది మాటలతో కుదిరేది కాదు, వెంటనే ఆసుపత్రికి తీసుకుపోవలసిన స్థితి. అయితే "ఊర్లో రోజూ కల్లు తాగేవాడివా, ఎప్పుడు ఆపినవ్?" అని అడగాలన్న ఆలోచన పుణె డాక్టరుకు తోచకపోవచ్చు, మీకు తోస్తుంది. మీ పుట్టుపూర్వోత్తరాలను దాచుకోవలసిన సంగతిగా కాక అర్హతగానే దరఖాస్తులో రాయమని నేను చెప్పేది ఇందుకే.

సైటుకొక మానసిక వైద్యుణ్ని పెట్టడం మన దేశం వంటి చోట అయ్యే పని కాదు. వైద్యులు కానివారికి శిక్షణనిచ్చి, 5 విడతల్లో ముగిసేలా రూపొందించిన 'ప్రాబ్లం మేనేజ్‌మెంట్ ప్లస్' పద్ధతిని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2016లో వెలువరించింది. పాకిస్తాన్‌లోని పెషావర్‌లో పరీక్షించినప్పుడు దానితో ఆందోళన, కుంగుబాటు తగ్గాయి. గోవాలోని ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల్లో మామూలు చదువున్న సలహాదారులతో చేసిన ప్రయత్నమూ ఫలించింది. సైటులో నెలకు కొంతమంది చొప్పున మారిపోతుంటారు కనుక నా దృష్టిలో ఇటువంటి పొట్టి పద్ధతులే అక్కడ నిలుస్తాయి. ఎం.ఎస్.డబ్ల్యూ.లో క్షేత్ర శిక్షణ ఎలాగూ ఉంటుంది, దానికి లేబర్ క్యాంపునో ప్రభుత్వాసుపత్రి మానసిక విభాగాన్నో అడిగి వేయించుకోండి.

ఇక ఉద్యోగాలు. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ప్రకారం సైకియాట్రిక్ సోషల్ వర్కర్ అనిపించుకోవాలంటే ఎం.ఎస్.డబ్ల్యూ. తరువాత రెండేళ్ల ఎం.ఫిల్. ఉండాలి. బెంగళూరులోని జాతీయ మానసిక ఆరోగ్య సంస్థ నిమ్హాన్స్ దీనికి పేరున్నది. జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమంలో ఈ పోస్టులు ఉంటాయి. స్వచ్ఛంద సంస్థల్లో, పెద్ద నిర్మాణ కంపెనీల లేబర్ కాలనీల్లో ఎం.ఎస్.డబ్ల్యూ.తోనే ప్రవేశం దొరుకుతుంది, కాని వీటిలో చాలావరకు కాంట్రాక్టు కొలువులు. మొదటి ఏళ్లలో జీతం మంచి సెంట్రింగ్ మేస్త్రీ సంపాదన కన్నా తక్కువే ఉండవచ్చు. మీ నాన్నగారి ప్రశ్నలో ఉన్న న్యాయం ఇదే, దాన్ని దాటవేయకండి. ఆయనకు నచ్చే దారి కూడా ఒకటుంది. గ్రూప్-2లో అసిస్టెంట్ లేబర్ ఆఫీసర్ పోస్టులు ఉంటాయి. నిర్మాణ వ్యయంపై వసూలయ్యే ఒక శాతం సెస్‌తో నడిచే సంక్షేమ బోర్డులో కూలీల నమోదు కార్మిక శాఖ ద్వారానే జరుగుతుంది. 18 నుంచి 60 ఏళ్ల లోపువారై, ఏడాదిలో 90 రోజులు నిర్మాణ పని చేసినవారికి ఆ హక్కు ఉంది. ప్రమాదం జరిగితే బోర్డు సాయంతో ఇల్లు గడుస్తుందన్న ధీమా ఏ కౌన్సెలింగ్‌కూ తీసిపోదు. ఎం.ఎస్.డబ్ల్యూ. చదువుతూనే ఆ పరీక్షకూ సిద్ధం కావచ్చు.

కంపెనీలో చేరే పక్షంలో ఒక షరతు మొదటి రోజే రాతపూర్వకంగా తీసుకోండి: కూలీ మీతో చెప్పుకున్న సంగతులు గుంపు మేస్త్రీకి గాని, సైటు ఇంజనీరుకు గాని చేరకూడదు. "వీడికి మనసు బాగలేదట" అన్న మాట ఒక్కసారి బయటికి పొక్కితే ఆ మనిషిని మర్నాడు హాజరు వేయకుండా పంపేస్తారు, ఆ తరువాత మీ దగ్గరికి ఇంకెవరూ రారు. ప్రాణాపాయం ఉన్నప్పుడు మాత్రం డాక్టరుకు చెప్పక తప్పదు, ఆ సంగతి కూలీకి ముందే చెప్పి ఉంచాలి. మీరు అందుబాటులో లేని రాత్రివేళల కోసం ఫోన్‌లో మానసిక సాయం అందించే ప్రభుత్వ టెలీ మానస్ నంబరు 14416ను గుడిసెల దగ్గర తెలుగులో రాయించి పెట్టండి. దానికి ఫోన్ చేయడానికి ఖర్చు కాదు, తెలుగులో మాట్లాడేవారు ఉంటారు.