‘ఇవ్వబడును’ అన్నచోట ఇచ్చేదెవరు?

సందేహం: సాఫ్ట్‌వేర్ కొలువులో ఉన్న ఒక పాఠకురాలు ఇలా రాశారు. “ఒక గ్రంథాలయానికి చేయబోయే సాఫ్ట్‌వేర్‌ కోసం అవసరాల పత్రాన్ని తెలుగులో తయారు చేస్తున్నాం. ‘సభ్యునికి పుస్తకం ఇవ్వబడును, గడువు దాటినచో జరిమానా విధించబడును’ అని రాశాను. ఆబ్జెక్ట్ ఓరియెంటెడ్ విశ్లేషణకు (వ్యవస్థను, తమ వివరాలూ తాము చేసే పనులూ కలిగిన ‘ఆబ్జెక్టులు’గా విడదీసి చూసే పద్ధతికి) ఇలాంటి వాక్యాలు పనికిరావని మా బృందంలో ఒకరు అభ్యంతరపెట్టారు. ఇవి వ్యాకరణరీత్యా తప్పులా? నామవాచకాలు ఆబ్జెక్టులనీ, క్రియలు అవి చేసే పనులనీ చెప్పే సూత్రం తెలుగుకు వర్తిస్తుందా?”

సమాధానం: తప్పులని తీర్పు చెప్పలేను. చేసినవారిని వెనక్కి నెట్టి, పనికి గురైనదాన్ని ముందుకు తెచ్చే కర్మణి ప్రయోగానికి మన వ్యాకరణాలు చోటిచ్చాయి. అయితే అది మన నోటికి ఎప్పుడూ అలవడలేదు. ‘నాచే అన్నం తినబడింది’ అని ఏ ఇంట్లోనూ వినం. ‘పడు’ మనకు చాలా సొంతమైన ధాతువు. భయపడు, కష్టపడు, దెబ్బలుపడు అన్నప్పుడు ఆ అనుభవం ఎవరిదో స్పష్టంగా తెలుస్తుంది. దానినే ‘బడు’గా మార్చి ప్రతి క్రియకూ తగిలించే అలవాటు కార్యాలయాల నోటీసులతో పెరిగింది. చేసేవారి పేరు చెప్పనక్కరలేకుండా మాట గంభీరంగా వినిపించడమే దానిలోని ఆకర్షణ. చదువుకున్నవారు కూడా దీనిని మర్యాదైన తెలుగు అనుకోవడం నాకు బాధ కలిగిస్తుంది.

మీరు చెప్పిన సూత్రాన్ని 1983లో కంప్యూటర్ శాస్త్రవేత్త రసెల్ అబాట్ ఇంగ్లీషు వర్ణనలను ఆధారం చేసుకుని ప్రతిపాదించాడు. తర్వాత సాఫ్ట్‌వేర్ నిపుణుడు ఐవార్ జాకబ్సన్ 1992 నాటి తన గ్రంథంలో, వ్యవస్థకు వెలుపల నుంచి దానితో పని చేయించుకునే పాత్రను ముందుగా గుర్తించాలన్నాడు. మన సంప్రదాయానికి ఇది కొత్త ప్రశ్న కాదు. ‘స్వతంత్రః కర్తా’, అంటే పనిలో స్వతంత్రుడైనవాడే కర్త, అన్నాడు పాణిని. ‘జరిమానా విధించబడును’ అనే వాక్యంలో ఆ స్వతంత్రుడు లేడు. గ్రంథపాలకుడు విధిస్తాడా, గడువు దాటగానే వ్యవస్థ తనంతట తాను లెక్కిస్తుందా అన్నది తేలనిదే, ఆ బాధ్యతను ఏ ఆబ్జెక్టుకు అప్పగించాలో తేలదు. మీ సహోద్యోగి అభ్యంతరం న్యాయమైనదే.

కర్తను దాచకుండానే కర్మకు ప్రాధాన్యం ఇవ్వదలచినవారు పోతనను చదవాలి. గజేంద్రుడు అడుగుతున్నాడు: “ఎవ్వనిచే జనించు, జగ మెవ్వని లోపలనుండు లీనమై, యెవ్వనియందు డిందు”. ఇక్కడ జగమే వాక్యానికి కర్తృపదం. పోతన ‘సృజింపబడు’ అని రాయలేదు. ‘జనించు’, ‘ఉండు’, ‘డిందు’ అనే మూడు అకర్మక క్రియలు తీసుకుని, ఒక్క సర్వనామానికి ‘చే’, ‘లోపల’, ‘అందు’ చేర్చి, పుట్టించినవాడినీ, ఆశ్రయమైనవాడినీ, చివరికి చేరవలసినవాడినీ అడిగించాడు. ‘డిందు’ అంటే అణగిపోవడం, నశించడం. ఇంత చిన్న మాటలో ఒక వస్తువు ముగింపు మొత్తం ఇమిడిపోయింది. ఒక ఆబ్జెక్టు పుట్టుక, ఉనికి, అంతం గురించి విశ్లేషకుడు అడగవలసినవి సరిగ్గా ఈ మూడు ప్రశ్నలే.

మీ పత్రానికే వీటిని పెట్టి చూడండి. సభ్యుడు పుస్తకం తీసుకెళ్లినప్పుడు పుట్టేదాన్ని ‘అరువు’ అందాం. తీసుకున్న తేదీ, గడువు తేదీ దానివే కనుక అదొక ఆబ్జెక్టు కాదగినది. అది ఎవరి చర్యవల్ల పుడుతుంది? గ్రంథపాలకుడు నమోదు చేయడం వల్ల. ఎక్కడ ఉంటుంది? సభ్యుని ఖాతాలో. ఎప్పుడు ముగుస్తుంది? పుస్తకం తిరిగి ఇచ్చినప్పుడు అని వెంటనే చెబుతాం, కానీ సభ్యుడు దానిని పోగొట్టుకుంటే? ఆ సంగతి మీరు పంపిన వాక్యాలలో లేదు. గ్రంథాలయం వారిని అడిగి రాయవలసిన అవసరం అది.

ఇక సూత్రం మాట. తెలుగులో దానిని యథాతథంగా పట్టుకుంటే చిక్కే. ‘చెల్లింపు’, ‘నమోదు’, ‘పొడిగింపు’ రూపానికి నామవాచకాలు, అర్థానికి పనులు. వాటిలో గుర్తుపెట్టుకోవలసిన వివరం సొంతంగా ఉన్నదే ఆబ్జెక్టు అవుతుంది, తక్కినది క్రియగానే ఉండిపోతుంది. ‘పుస్తకం’ ఇంకా జాగ్రత్తగా చూడవలసిన మాట. ‘ఈ పుస్తకం నేనూ చదివాను’ అన్నప్పుడు రచన, ‘ఈ పుస్తకం అట్ట చిరిగింది’ అన్నప్పుడు చేతిలోని ప్రతి. సభ్యుడు ముందుగా కోరి పెట్టుకునేది రచనను, ఇంటికి తీసుకెళ్లేది ప్రతిని. రెండింటినీ ఒకే ఆబ్జెక్టు చేస్తే, మూడు ప్రతులున్న రచనలో ఒకటి బయటికి వెళ్లగానే తక్కిన రెండూ లేనట్టు తేలే ప్రమాదం ఉంది. ‘ప్రతి’ అనే చక్కని మాట ఉండగా దానిని వదలడం తగదు.

కాబట్టి ‘గ్రంథపాలకుడు సభ్యునికి ప్రతిని ఇస్తాడు’ అని రాయండి. జరిమానాకు కర్త ఎవరో ఇంకా నిర్ణయం కాకపోతే ‘విధించబడును’ను తాత్కాలికంగా ఉంచడానికి నేను అడ్డుచెప్పను, కాని పక్కన ‘ఎవరు?’ అని రాసి ఉంచండి. ‘ప్రకటన ముద్రింపబడినది’ వంటి చోట్ల, కర్తతో నిజంగా పనిలేనప్పుడు, ‘బడు’ను సహించవచ్చునేమో. అక్కడ కూడా ‘ముద్రించారు’ నాకు ఎక్కువ ఇష్టం.