వేపింగ్‌లో, అంటే ఈ-సిగరెట్ పీల్చడంలో, పొగ ఉండదు కదా, మరి ఊపిరితిత్తులకు హాని ఉంటుందా?

ఉంటుంది, సిగరెట్ పొగలోని తారు ఇందులో లేకపోయినా, వేపింగ్ శ్వాసనాళాలను రేపి, వాపుకు గురిచేస్తుంది.

పరికరంలోని వేడి తీగ ప్రొపిలీన్ గ్లైకాల్, గ్లిజరిన్, నికోటిన్, సువాసన ద్రవ్యాలు కలిసిన ద్రవాన్ని అతి సన్నని తుంపరగా మారుస్తుంది. ఆ వేడికి ఫార్మాల్డిహైడ్, అక్రోలిన్ వంటి ఘాటైన రసాయనాలు కూడా పుట్టి, దుమ్మునూ క్రిములనూ బయటికి నెట్టే శ్వాసనాళాల నూగును మందగింపజేస్తాయి. దగ్గు, పిల్లికూతలు అందువల్లనే. ఉబ్బసం ఉన్నవారికి ఆయాసం పెరగవచ్చు.

2019లో అమెరికాలో వేపింగ్ వల్ల తీవ్రమైన ఊపిరితిత్తుల వ్యాధి ప్రబలి, 2020 ఫిబ్రవరి నాటికి 2,807 కేసులు నమోదు కాగా, వారిలో 68 మంది మరణించారు. రోగుల్లో ఎక్కువమంది పీల్చింది గంజాయి సారం కలిపిన ద్రవం; దానిలో చిక్కదనానికి వాడిన విటమిన్ ఇ అసిటేట్‌కు ఈ వ్యాధితో గట్టి సంబంధం ఉన్నట్లు తేలింది. చర్మానికి రాసుకునే లేపనాల్లోనూ ఉండే పదార్థమే అది. రాసుకోవడం వేరు, పీల్చడం వేరు.

చుట్ట, బీడీ పొగ బాగా ఎరిగిన ఒడిశాలోని బరంపురం, పర్లాకిమిడి, రాయగడ వైపు తెలుగువారిలో బూడిద, కంపు లేనిది ఉత్త నీటి ఆవిరే అనే అపోహ కలగడం సహజమే. కాని అది నీటి ఆవిరి కాదు. పైగా 2019 చట్టం దేశమంతటా ఈ-సిగరెట్ల అమ్మకాన్ని నిషేధించింది కనుక, ఆంధ్ర-ఒడిశాల నడుమ ఇచ్ఛాపురం సరిహద్దుకు ఇటు కొన్నా అటు కొన్నా అది దొంగచాటు సరుకే; అందులో ఏం కలిపారో తనిఖీ చేసేవారుండరు.