దేవదత్తుడు నిజంగానే అంత దుర్మార్గుడా?

"బుద్ధుణ్ణి చంపబోయిన దేవదత్తుడు నిజంగా అంత దుర్మార్గుడా, లేక తర్వాతోళ్ళు కథలు కట్టారా?" అని అడిగారు. కట్టారండి. అన్నీ కాకపోయినా సగం పైనే కట్టారు. నేను పండితుణ్ణేం కాదు, బ్యాంకులో చేసి రిటైరయ్యా, పాళీ రాదు, అనువాదాలు చదువుకున్నవాణ్ణి, కానీ ఈ ఒక్క విషయంలో మాత్రం ఎవరొచ్చినా వాదిస్తా.

ఈ పిచ్చి పట్టింది మా అమ్మ వల్ల. నాన్నగారి పిండప్రదానానికి గయ వెళ్ళాం, ముందు రోజు ఖాళీగా ఉందని రాజగిరి టూరు టెంపో ఎక్కాం. ఏసీ అని డబ్బులు తీసుకుని, ఎక్కాక "కొండ గాలి బాగుంటుంది సార్" అని కిటికీలు తెరిపించాడు, అది వేరే కథ. రాజగిరిలో గృధ్రకూటం కొండ దారిలో గైడు ఒక బండరాయి దగ్గర ఆగి, ఇదే రాయి, దేవదత్తుడు పైనుంచి బుద్ధుడి మీదకి దొర్లించాడు, ముక్క ఎగిరి కాలికి తగిలి రక్తం వచ్చింది అన్నాడు. అందరూ ఛీ పాపిష్టివాడు అనుకుంటూనే ఆ రాయితో ఫోటోలు దిగారు. తిరిగొస్తుంటే ఇంకో గుంపుకి ఇంకో గైడు ఇంకో రాయి చూపిస్తున్నాడు!

అమ్మకి మోకాళ్ళ నొప్పులు, కిందే గట్టు మీద కూర్చుంది. రాయి కథా, తాగించి వదిలిన నాళాగిరి ఏనుగు కథా అన్నీ చెప్పాను. "ఇంతకీ ఎందుకు పడలేదట్రా ఇద్దరికీ?" అంది. భిక్షువులందరూ బతికినంత కాలం అడవిలోనే ఉండాలి, భోజనానికి పిలిస్తే వెళ్ళకుండా అడుక్కున్నదే తినాలి, పారేసిన గుడ్డలే కట్టుకోవాలి, చెట్టు కిందే పడుకోవాలి, చేపా మాంసం ముట్టకూడదు, ఈ ఐదూ రూలు చెయ్యమని ఆ సంఘంలోనే భిక్షువైన దేవదత్తుడు అన్నాడు, బుద్ధుడు ఇష్టమున్నవాళ్ళు చేసుకోండి బలవంతం లేదన్నాడు అని చెప్పా. అమ్మ కాసేపు ఊరుకుని, "చేప ముక్క కూడా తినొద్దన్న మనిషి, ఏనుగుకి కల్లు పోయించి మనుషుల మీదకి తోలతాడా?" అంది.

ఇంటికొచ్చాక వినయ పిటకం, అంటే భిక్షువుల నియమాల పాళీ గ్రంథం, అనువాదం తెప్పించుకుని ఆ ఘట్టం మూడుసార్లు చదివాను. ముందు మనుషుల్ని పెట్టి బాణాలతో చంపించబోతాడు, తర్వాత రాయి, తర్వాత ఏనుగు. ఇవన్నీ అయ్యాక అదే దేవదత్తుడు వచ్చి బుద్ధుడికి నమస్కారం చేసి ఒక పక్కన కూర్చుని, స్వామీ ఈ ఐదు నియమాలు పెట్టండి అని అడుగుతాడు, ఆయన కూడా మామూలుగానే జవాబు చెప్తాడు. మూడుసార్లు హత్యాయత్నం చేసినవాడితో సంభాషణ అలా ఉంటుందా? పైగా ఆ తర్వాత శలాకలు, అంటే ఓటు పుల్లలు అనుకోండి, పంచితే వైశాలి నుంచి వచ్చిన 500 మంది భిక్షువులు ఇతని వైపే తీసుకున్నారట. వాళ్ళు కొత్తవాళ్ళు, తెలియక పోయారు అని రాశారు. ఏనుగు సంగతి ఊరు ఊరంతా చెప్పుకుంటుంటే వీళ్ళకి మాత్రం తెలీదట.

ఇంకోటి చూడండి. దేవదత్తుడు మంచివాడు కాదని రాజగృహంలో, అంటే ఇప్పటి రాజగిరిలో, చాటమని బుద్ధుడు తన ముఖ్య శిష్యుడు శారిపుత్రుడికి చెప్తే, ఇంతకుముందు ఇదే ఊళ్ళో ఈయన ఎంతో మహిమ గలవాడని నేనే పొగిడానే, ఇప్పుడెలా చెప్పను అంటాడు. ఆ మాట చెరపడం మర్చిపోయారన్నమాట, నా కేసు మొత్తం దాని మీదే నిలబడింది. ఆ 500 మందిని తీసుకుని దేవదత్తుడు గయ దగ్గరి గయాశీర్షం కొండకి వెళ్ళాక ఒక రాత్రి ధర్మం చెప్పి చెప్పి, నడుం నొప్పిగా ఉంది కాసేపు వాలతాను, మిగతాది నువ్వు చెప్పు అని, వాళ్ళని వెనక్కి తీసుకెళ్ళడానికి అక్కడికొచ్చిన శారిపుత్రుడితో అంటాడు. బుద్ధుడు కూడా అవే మాటలు అని నడుం వాల్చిన సందర్భాలున్నాయి. ఆయన వాలితే విశ్రాంతి, ఇతను వాలితే ఒళ్ళు తెలియని నిద్ర, లేచేసరికి 500 మందీ శారిపుత్రుడి వెంట వెళ్ళిపోయారు, నోట్లోంచి వేడి రక్తం.

అదే అడవి బతుకు, అవే పేలిక గుడ్డలతో ఉన్న మహాకాశ్యపుడనే ఇంకో శిష్యుడేమో బుద్ధుడు పోయాక మొదటి సంగీతికి, అంటే భిక్షువుల మహాసభకి, పెద్ద అయ్యాడు. ఇతను అవీచి నరకానికి పోయాడు. తేడా ఒక్కటే, కాశ్యపుడు తను చేశాడు, ఇతను అందరూ చెయ్యాలన్నాడు. అది తప్పే, ఒప్పుకుంటా. మా అపార్ట్‌మెంట్‌లో కూడా ఉన్నాడొకాయన, తను ఆరింటికి లేస్తాడు కాబట్టి మోటారు ఆరింటికే వెయ్యాలంటాడు. విసుగొస్తుంది, కానీ ఆయన మీద హత్యకేసు పెట్టం కదా.

ఇంకా అనుమానముంటే చైనా యాత్రికుడు ఫాహియాన్ రాసింది చూడండి. 5వ శతాబ్దం మొదట్లో శ్రావస్తి దగ్గర దేవదత్తుడి శిష్యులు ఇంకా ఉన్నారు, గౌతముడికి ముందు వచ్చారని చెప్పే ముగ్గురు బుద్ధుల్ని పూజిస్తారు, శాక్యముని బుద్ధుణ్ణి, అంటే గౌతముణ్ణి, మాత్రం పూజించరు అని రాశాడు. 7వ శతాబ్దంలో ఇంకో చైనా యాత్రికుడు హుయాన్‌త్సాంగ్ బెంగాల్‌లో కర్ణసువర్ణం దగ్గర వీళ్ళ మఠాలు మూడు చూశాడు, పాలూ పెరుగూ కూడా ముట్టరట. వెయ్యేళ్ళ పైన బతికిన సంప్రదాయం అండి, ఒట్టి హంతకుడి పేరు మీద బతుకుతుందా! మనకేమో స్కూల్లో హంసని బాణంతో కొట్టిన పిల్లాడిగా పరిచయం చేశారు, నేను చదివిన పాళీ వినయ పిటకంలో ఆ హంసే లేదు. అమరావతి శిల్పి చెక్కిన నాళాగిరి ఫలకం చెన్నై మ్యూజియంలో ఉంది, అద్భుతం, చూస్తే కథ నిజమే అనిపిస్తుంది, అదే ఇబ్బంది.

రాజగిరి వెళ్ళొచ్చిన మర్నాడు గయలో పిండాలు పెడుతున్నాం. ఆ గయాశీర్షమే ఇప్పటి బ్రహ్మయోని కొండ, విష్ణుపాదం గుడికి దగ్గర్లోనే ఉంటుంది. తాతలూ మేనత్తలూ అందరూ అయ్యాక, ఇంకెవరైనా ఉన్నారా అని పంతులుగారు అడిగితే, అమ్మ నా కంటే ముందే, "దేవదత్తుడని ఒకాయన ఉన్నాడండీ, ఎవరూ లేరు పాపం" అంది. నేను నోరు తెరిచేలోపే ఆయన దర్భ సర్దుకుంటూ గోత్రం ఏంటమ్మా అన్నారు. అమ్మ నా వైపు చూసింది. తెలీదండీ అన్నాను. "తెలీకపోతే కాశ్యప గోత్రం, చెప్పండి" అని మంత్రం మొదలుపెట్టేశారు.